లిక్విడేటర్ ఎవరి మనిషి?

ప్రశ్న: గాజులమండ్యం పారిశ్రామికవాడలోని ఒక ఫ్యాక్టరీలో పదకొండేళ్లు మెషిన్ ఆపరేటర్‌గా చేశాను. ఏడు నెలల జీతం బాకీ. ఇప్పుడు లిక్విడేటర్ వచ్చాడని గేటుకు నోటీసు అంటించారు. ఆయన ఓనరు మనిషే అంటున్నారు. నా జీతం, పీఎఫ్ వస్తాయా అయ్యా?
- ఒక కార్మికుడు, వడమాలపేట

సమాధానం: ఆయన ఓనరు మనిషి కాదు. 2016 నాటి దివాలా చట్టం కింద నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ ఆయన్ని నియమిస్తుంది. ఆ రోజుతో డైరెక్టర్ల అధికారాలన్నీ ఆయన చేతికి వస్తాయి. కంపెనీ ఆస్తులు స్వాధీనం చేసుకుని, విలువ కట్టించి, వేలం వేసి, వచ్చిన సొమ్మును చట్టం చెప్పిన వరుసలో పంచడం ఆయన పని. ఓనరు చివరి రోజుల్లో ఆస్తిని అయినవాళ్ల పేరు మీదికి మార్చేసి ఉంటే, దాన్ని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగాల్సిందీ ఆయనే. మెషిన్లు రాత్రిపూట లారీ ఎక్కడం మీరు చూసి ఉంటే ఆ సంగతి ఆయనకు రాసి పంపండి.

వరుసలో మీ స్థానం మంచిదే. ముందు ఈ ప్రక్రియ ఖర్చులు పోతాయి. ఆ వెంటనే, లిక్విడేషన్ మొదలైన తేదీకి ముందు 24 నెలల కార్మికుల బాకీ. తాకట్టు హక్కు వదులుకుని వచ్చిన బ్యాంకులు కూడా మీ పక్కనే, మీతో సమానంగా నిలబడతాయి. మేనేజర్ల వంటి ఇతర ఉద్యోగులది కింది మెట్టు, అదీ 12 నెలల జీతానికే. కాబట్టి మీరు చేసిన పని ఏమిటో ఫారంలో స్పష్టంగా రాయండి. పీఎఫ్ నిధి కంపెనీ ఆస్తి కాదు, దాన్ని అప్పులవాళ్లకు పంచకూడదు.

లిక్విడేటర్ మిమ్మల్ని వెతుక్కుంటూ రాడు. ప్రకటనలోని గడువులోగా ఫారం-ఇ నింపి, పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి పంపండి. తిరస్కరిస్తే 14 రోజుల్లో ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఏ ట్రిబ్యునల్ అన్నది మాత్రం నోటీసులో చూసుకోండి. ఫ్యాక్టరీ మన దగ్గరున్నా రిజిస్టర్డ్ ఆఫీసు చెన్నైలో ఉంటే కేసు చెన్నై బెంచ్‌లోనే నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే అమరావతి బెంచ్.

ప్రశ్న: గుజ్జు ఫ్యాక్టరీకి తోతాపురి కాయలు తోలాను. రెండు లక్షలు రావాలి. కంపెనీ లిక్విడేషన్‌లో ఉంది. "లిక్విడేటర్‌తో మాట్లాడి నీకు ముందే ఇప్పిస్తా, పది శాతం ఇవ్వు" అని ఒకాయన తిరుగుతున్నాడు. ఇవ్వమంటారా?
- ఒక మామిడి రైతు, వడమాలపేట మండలం

సమాధానం: రూపాయి కూడా ఇవ్వకండి. వరుసను మార్చే అధికారం లిక్విడేటర్‌కే లేదు, ఇక ఆ దళారికి ఎక్కడిది?

మీకు చెప్పక తప్పని మాట ఒకటుంది. అరువు మీద సరుకు తోలినవారు ఆ వరుసలో బాగా వెనక, ప్రభుత్వ బకాయిల తర్వాత వస్తారు. అక్కడిదాకా డబ్బు మిగలడం అరుదు. బ్యాంకు చేతిలో తాకట్టు పత్రం ఉంటుంది, రైతు చేతిలో కాటా చీటీ తప్ప ఏమీ ఉండదు. చెట్టు మీద ఆగని పంటను నమ్మకంతో తోలిన రైతును ఇంత వెనక నిలబెట్టడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. చట్టం మారాలి. అంతవరకు కాటా చీటీలు, ఫ్యాక్టరీ ఇచ్చిన రసీదులు జతచేసి ఫారం-సి మాత్రం తప్పకుండా వేయండి. వేయనివారికి వచ్చే కొంచెం కూడా రాదు.

ప్రశ్న: చిత్తూరు డెయిరీకీ లిక్విడేటర్ ఉన్నారు కదా. అన్నేళ్లు ట్రిబ్యునల్ ఏం చేసింది?
- పుత్తూరు పాఠకుడు

సమాధానం: అది కంపెనీ కాదు, సహకార డెయిరీ. దాని మూసివేత సహకార చట్టం కింద జరిగింది, ట్రిబ్యునల్‌కు సంబంధం లేదు. 2002లో మూతపడిన ఆ డెయిరీ స్థలంలో 2023 జులైలో అమూల్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. పాత బాకీలు తీర్చామని ప్రభుత్వం చెప్పిందీ అప్పుడే. మీకు రావాల్సింది సహకార సంఘం నుంచి అయితే, అర్జీ సహకార శాఖ రిజిస్ట్రార్ నియమించిన లిక్విడేటర్‌కు ఇవ్వాలి. పైన చెప్పిన ఫారాలు అక్కడ పనికిరావు.