చాయ్ త్రాగితే అలసట పోతుందా?

చిన్నపిల్లల తల్లిదండ్రులకు ఆరోగ్య పాఠం



బాలింతల వార్డులోను, పిల్లల ఓ.పి.లోను మేము తరచుగా వినే మాట ఒకటి ఉంది. "సిస్టర్, రాత్రంతా పాప పండుకోనిస్తలేదు. చాయ్ తాగకుంటే నాకు పని చేయ చేతగాదు."

నిజామాబాద్ పట్టణంలోనైనా, బోధన్ వైపు గ్రామాలలోనైనా చాయ్ లేని ఇల్లు అరుదు. కొందరి ఇళ్లలో కాఫీ కూడా అలవాటే. లేవగానే ఒకటి, బీడీల చాట ఒడిలో పెట్టుకొని కూర్చున్నప్పుడు ఒకటి, మధ్యాహ్నం ఆకలిని ఆపుకొనడానికి ఒకటి, చీకటిపడే వేళ మరొకటి. భర్త గల్ఫ్‌లో ఉంటే, పసిపిల్లలతో ఒంటరిగా రాత్రులు గడిపే తల్లికి చాయే తోడు అవుతుంది.

చాయ్ త్రాగడం తప్పని చెప్పడానికి మేము ఈ పాఠం వ్రాయడం లేదు. అయితే ఒక సంగతి అందరూ తెలుసుకోవాలి. చాయ్, కాఫీ అలసటను తీసివేయవు, కొంతసేపు కనబడకుండా చేస్తాయి. ఆ అలసట వెనుక ఏదైనా జబ్బు ఉంటే అది కూడా కనబడకుండా పోతుంది. ప్రమాదం అక్కడే ఉంది.

1. చాయ్ శరీరంలో ఏమి చేస్తుంది?

మనం మేలుకొని ఉన్నంతసేపు మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. "ఇక నిద్రపో" అని శరీరానికి చెప్పేది అదే. చాయ్, కాఫీలలో ఉండే కెఫీన్ ఆ మాట మెదడుకు చేరకుండా అడ్డుపడుతుంది. కాని పోగైన పదార్థం ఎక్కడికీ పోదు. కెఫీన్ ప్రభావం తగ్గగానే అలసట మళ్లీ వచ్చి మీద పడుతుంది.

మనం త్రాగిన కెఫీన్‌లో సగం కరిగిపోవడానికి పెద్దవారికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 6 గంటలకు చాయ్ త్రాగితే రాత్రి 11 గంటలకు ఇంకా సగం ఒంట్లోనే ఉంటుంది. బాబు పడుకున్నా తల్లికి నిద్ర రాదు. ఆమెకు కన్ను అంటుకొనేసరికి బాబు లేస్తాడు. మరునాడు అలసట ఎక్కువవుతుంది, చాయ్‌లు కూడా ఎక్కువవుతాయి. కాబట్టి చివరి చాయ్ మధ్యాహ్నం 3 గంటలలోపు ముగించండి.

2. రోజుకు ఎంత?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల ప్రకారం రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటకూడదు. 150 మిల్లీలీటర్ల కప్పులో ఎంత ఉంటుందో చూడండి:

• చాయ్ – 30 నుండి 65 మిల్లీగ్రాములు
• ఇన్‌స్టెంట్ కాఫీ – 50 నుండి 65 మిల్లీగ్రాములు
• ఫిల్టర్ కాఫీ – 80 నుండి 120 మిల్లీగ్రాములు

గర్భవతులు 200 మిల్లీగ్రాములు దాటకపోవడం మంచిది. గర్భంతో ఉన్నప్పుడు కెఫీన్ ఒంట్లో ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది.

చక్కెర సంగతి కూడా మరువవద్దు. కప్పుకు రెండు చెంచాలు వేస్తే సుమారు 10 గ్రాములు. ఐదు కప్పులు త్రాగితే 50 గ్రాములు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది గాని, మన చాయ్‌లో చక్కెర మాత్రం తగ్గలేదు!

3. అన్నంతో చాయ్ వద్దు

ఇది ఈ పాఠంలో అతి ముఖ్యమైన విషయం. చాయ్, కాఫీలలో ఉండే టానిన్లు ఆకుకూరలు, పప్పులు, ధాన్యాలలోని ఇనుమును పట్టుకొని రక్తంలోకి వెళ్లనివ్వవు. భోజనంతోపాటు చాయ్ త్రాగితే శరీరానికి అందవలసిన ఇనుము సగానికి పైగా తగ్గిపోవచ్చు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. రక్తం తక్కువైతే మొదట కనిపించేది అలసటే. ఆ అలసట పోవాలని తల్లి చాయ్ త్రాగుతుంది. అన్నానికి బదులు చాయ్, రొట్టెతో చాయ్, మాత్రతో చాయ్. దానివల్ల రక్తం ఇంకా తగ్గుతుంది. ఇలా తిరిగి తిరిగి అక్కడికే వస్తాము.

అందుచేత భోజనానికి గంట ముందు, గంట తరువాత చాయ్, కాఫీ మానండి. కాన్పు తరువాత 180 రోజులు ఇచ్చే ఐరన్ మాత్రను నీళ్లతోనో నిమ్మరసంతోనో వేసుకోండి. చాయ్‌తోగాని పాలతోగాని వేసుకోవద్దు.

4. పాలిచ్చే తల్లులకు

తల్లి త్రాగిన కెఫీన్‌లో కొద్ది భాగమే పాలలోకి వస్తుంది. రోజుకు రెండు మూడు కప్పుల చాయ్‌తో సాధారణంగా ఇబ్బంది ఉండదు. అయితే అప్పుడే పుట్టిన బిడ్డ శరీరం నుండి కెఫీన్ పోవడానికి రోజులు పడుతుంది. నెలలు నిండక పుట్టిన బిడ్డకు మరీ ఆలస్యం. బిడ్డ ఊరికే ఉలిక్కిపడుతూ, నిద్రలేకుండా చిరాకుపడుతుంటే వారం రోజులు చాయ్ తగ్గించి చూడండి. చాయ్ కోసం పాలివ్వడం మాత్రం మానకండి.

5. పిల్లలకు చాయ్ పోయవద్దు

పాలసీసాలో చాయ్, చాయ్‌లో ముంచిన బిస్కెట్ చిన్నపిల్లలకు ఆహారం కాదు. కడుపు నిండినట్లుంటుంది, ఒంట్లోకి బలం రాదు, ఉన్న ఇనుము కూడా అందదు.

చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొని వేడి చాయ్ త్రాగవద్దు. గ్లాసును నేలమీద, మంచం అంచున పెట్టవద్దు. పిల్లల చర్మం పలుచన, ఒక్క కప్పుతో ఛాతీ అంతా కాలుతుంది. ఒకవేళ మీద పడితే బట్టలు తీసి, కుళాయి నీళ్లు 20 నిమిషాలు ధారగా పోయండి. పేస్టు, సిరా, పసుపు పూయవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

6. అలసటకు అసలు మందు

• పగలు బిడ్డ నిద్రపోయినప్పుడు 20 నిమిషాలైనా నడుము వాల్చండి. గిన్నెలు ఆగుతాయి.
• రాత్రిని పంచుకోండి. తండ్రి గాని, అత్తమ్మ గాని బిడ్డను రెండు గంటలు చూస్తే తల్లికి తెగకుండా ఒక నిద్ర దొరుకుతుంది. భర్త దూరదేశంలో ఉన్న ఇంటికి సంఘంలోని పెద్దమ్మలు వెళ్లి ఒక గంట బిడ్డను ఎత్తుకొంటే అదే గొప్ప సహాయం.
• ఆకలి వేళకు చాయ్ కాదు, తిండి. జొన్నరొట్టె, పప్పు, తోటకూర, గుడ్డు, పల్లీలు, వీటితో నిమ్మకాయ లేక జామపండు తీసుకోండి.
• రాత్రంతా మేలుకొన్న తండ్రి చాయ్ త్రాగి బండి ఎక్కవద్దు. నిద్ర ముంచుకొస్తే చాయ్ ఆపలేదు.

7. ఎప్పుడు ఆసుపత్రికి రావాలి?

సరిగా తిని, కొంత నిద్రపోయినా రెండు వారాలలో అలసట తగ్గకపోతే రండి. మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ, కండ్లలో తెలుపు, కాళ్లవాపు ఉంటే ఆలస్యం చేయవద్దు. హిమోగ్లోబిన్ పరీక్ష చిన్నది. గర్భంతో లేని స్త్రీకి అది 12 గ్రాములకు తగ్గకూడదు. థైరాయిడ్, షుగరు వల్ల కూడా అలసట వస్తుంది.

కాన్పు తరువాత ఊరికే ఏడుపు రావడం, బిడ్డమీద మనసు లేకపోవడం, బ్రతకాలని లేకపోవడం జబ్బు లక్షణాలు. ఆమెను సోమరి అనవద్దు, ఒంటరిగా వదలవద్దు. వెంటనే మా దగ్గరకు తీసుకురండి. 14416 టెలి మానస్ నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులో మాట్లాడతారు.

ఇంట్లో అందరూ కలిసి ఆలోచించండి:

1. మన ఇంట్లో అమ్మ రోజుకు ఎన్ని చాయ్‌లు త్రాగుతుంది? వాటిలో ఎన్ని అన్నానికి బదులు?
2. ఆమె తెగకుండా నాలుగు గంటలు నిద్రపోయి ఎన్నాళ్లయింది?
3. ఈ రాత్రి బిడ్డ ఏడిస్తే మొదట ఎవరు లేస్తారు?

మూడవ ప్రశ్నకు తండ్రులు జవాబు చెప్పాలని మా మనవి.