పండ్రెండు గంపల పాఠము

(సండేస్కూలు ఉపాధ్యాయులకు. చదువవలసినది: యోహాను 6:1-13)

అయిదువేలమంది తిని లేచిన తరువాత ప్రభువు మిగిలిన ముక్కలను పారవేయనియ్యక శిష్యులచేత ఎత్తించెను. మనము బిడ్డలకు ఈ కథను రొట్టెల అద్భుతముతో ముగించి, గంపల సంగతి త్వరగా దాటిపోవుచున్నాము.

మా సంఘములో కోతపండుగ ప్రేమవిందైన మరునాడు గుడి ఆవరణము చూచితిమి. విస్తళ్లు, అన్నము, ప్లాస్టిక్ గ్లాసులు, సంచులు అన్నియు ఒకే కుప్ప. అన్నపు వాసనకు వచ్చిన ఆవు సంచితోకూడ నమలుచుండెను. ఆ సంచి దాని కడుపులో అరగదు; పేరుకొనినకొలది పశువు మేత మాని చిక్కి చచ్చును. ఒక్క పాడి ఆవుతో బ్రతుకు ఇంటికి అదెంత నష్టమో మనకు తెలియనిది కాదు. ఆ కుప్ప వేసినది మన చేతులే.

గనుక ఈ నెల పాఠము ఆవరణములోనే చెప్పుడి. రెండు గంపలు పెట్టి, కుళ్లునది ఒకదానిలో, కుళ్లనిది వేరొకదానిలో వేయించుడి. (గాజుపెంకులు పెద్దలే తీయవలెను.) కుళ్లుదానిని గోతిలో వేసి పేడ, మట్టి కప్పినయెడల కొన్ని నెలలకు ఎరువగును. ఒక ఆకును, ఒక సంచిముక్కను ప్రక్కప్రక్కన పాతించి, క్రిస్మసునాడు త్రవ్వి చూపుడి. ప్లాస్టిక్‌ను కాల్చనియ్యకుడి, ఆ పొగ పసివారి రొమ్ముకు హాని. పంచాయతీ బండికి ఇయ్యుడి.

ఒక చిన్నవాడు మమ్మును అడిగెను: “పారవేసినది పెద్దలు గదా, మేమెందుకు ఎత్తవలెను, అయ్యగారూ?” 2022 జూలై 1 నుండి అట్టి గ్లాసులు దేశమంతట నిషేధింపబడినను కొని తెచ్చినవారము మేమే. వానికి జవాబు చెప్పలేక, వచ్చు విందుకు స్టీలు గ్లాసుల నిమిత్తము సంఘపెద్దలయొద్దకు వెళ్లితిమి.