పిల్లలతో పార్కు బాట: సందేహాలు - సమాధానాలు

వానలు మొదలయ్యాక వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరికి దగ్గరున్న పార్కుల్లో నడవడం గురించే. పదిమందికీ పనికొచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

*మాకు ఎనిమిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు. మొన్న ఆదివారం కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న నడక దారిలో తీసుకెళ్లాం. సగం చుట్టు కాకముందే బాబు ఎత్తుకోమని ఏడుపు, పాపకు విసుగు. వీళ్లకు నడక అలవాటు చేయడం ఎలా? ఎంత దూరం నడిపించొచ్చు?*
— ఒక తల్లి, మియాపూర్

అమ్మా, మీ పిల్లలకు నడక చేతకాక కాదు, ఆ దారిలో వాళ్లు చూడ్డానికి ఏమీ లేకపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. బయటి దారి వ్యాయామం కోసం నడిచే పెద్దవాళ్లది. ఒక పక్క కంచె, ఇంకో పక్క వాహనాల రొద. ఈసారి టికెట్ తీసుకుని గేటు దాటి లోపలికి వెళ్లండి. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించిన అడవి లోపలే ఉంది. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ గుట్టల మీద ఇళ్లు లేవక ముందు ఆ నేల ఎలా ఉండేదో తెలిసేది అక్కడే.

ఇక దూరం. ఐదేళ్ల బాబుకు అర కిలోమీటరు చాలు. దానికి గంట పడితే పట్టనివ్వండి. "పద పద, ఆలస్యమవుతోంది" అన్న మాట మాత్రం అనకండి. వాడు చీమలబారు దగ్గర కూలబడితే మీరూ పక్కనే కూర్చోండి. అవి ఏం మోసుకెళ్తున్నాయో, ఏ కన్నంలోకి పోతున్నాయో చూశాక వాడే లేస్తాడు. పిల్లల నడక అంటే నా లెక్కలో అదే. ఎన్ని అడుగులు వేశారన్నది ముఖ్యం కాదు, ఎన్నిచోట్ల ఆగారన్నది ముఖ్యం.

ఇప్పుడు ఆరుద్ర కార్తె రోజులు కాబట్టి ముందుగా ఆరుద్ర పురుగు కోసం వెతకండి. రాత్రి వాన పడి తెల్లారి ఎండ పొడ తగిలేటప్పుడు, గడ్డి పలచగా ఉన్న ఇసుక నేల మీద, వేలిగోరంత ఎర్రటి పురుగు మెల్లగా నడుస్తూ ఉంటుంది. ఒళ్లంతా మఖ్మల్ గుడ్డ చుట్టినట్టుంటుంది. బాబును మోకాళ్ల మీద కూర్చోబెట్టి కాళ్లు లెక్కపెట్టమనండి. ఎనిమిది వస్తాయి. అంటే మనం పురుగు అంటున్నాం గానీ, దీనిది సాలీళ్ల, తేళ్ల చుట్టరికం. పాపకు ఆ సంగతి చెప్పండి. కదిలిస్తే కాళ్లు లోపలికి ముడుచుకుని చచ్చినట్టు పడుంటుంది, కాసేపటికి మళ్లీ బయల్దేరుతుంది. దానికి కుట్టడం తెలియదు. చెదలను, పురుగుల గుడ్లను తింటుంది. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోపలే ఉండి, తొలకరికి ఈ కొద్ది రోజులు పైకి వస్తుంది. అందుకే అగ్గిపెట్టెలో వేసుకుని ఇంటికి తేవడం తగదు. దానికి దొరికే కాస్త సమయమూ పెట్టెలోనే గడిచిపోతుంది.

పాపకు బండరాళ్లు చూపించండి. హైదరాబాద్ నల్లరాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. నేల లోపల ఉన్నప్పుడే పగుళ్ల వెంట నీరు దిగి అంచులు అరిగాయి. తర్వాత పైమట్టి కొట్టుకుపోయి, గుండ్రటి బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బయటపడ్డాయి. బండ పైన తల ఆడిస్తూ తొండ కనిపిస్తే ఆగండి. జత కట్టే కాలంలో మగ తొండకు వీపంతా ఎరుపో నారింజో రంగు తిరుగుతుంది, పక్కలు నల్లబడతాయి. మనుషులు దగ్గరకు రాగానే ఆ రంగు మసకబారడం మొదలవుతుంది కాబట్టి కాస్త దూరం నుంచే చూడండి.

ఉదయం ఏడింటికల్లా లోపల ఉండండి. నీళ్లు స్టీలు సీసాలో తెచ్చుకోండి. తిండి మాత్రం బయటికి వచ్చాకే.

*మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. పిల్లలతో పాటు రావాలని ఆవిడకు ఆశ. ఆవిడ జనగామ వైపు పల్లెలో పెరిగారు. ఎత్తుపల్లాలు లేని చోటు ఏదైనా ఉందా?*
— ఒక పాఠకురాలు, చందానగర్

మీకు దగ్గర్లోనే కొండాపూర్‌లో కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్ ఉంది. నడక దారులు చదునుగా ఉంటాయి. అలసిపోతే కూర్చోవచ్చు. మొక్కలను విభాగాలుగా పెంచారు కాబట్టి, ఒక్కో ఆదివారం ఒక్కో విభాగం చూసి వచ్చేయొచ్చు.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఆవిడ పల్లెలో పెరిగారన్న మాట. ఈ నడకకు ఆవిడనే పెద్ద దిక్కు చేయండి. చెట్టు పేరు బోర్డు మీద చదివితే పిల్లలు మరుసటి మలుపులో మరిచిపోతారు. నాయనమ్మ చెబితే మరిచిపోరు. బతుకమ్మకు తంగేడు పూలు తెచ్చిన కథ ఆవిడ దగ్గర ఉంటుంది. మోదుగాకుతో విస్తరి కుట్టడం, హోలీకి మోదుగపూలు మరిగించి రంగు తీయడం, కానుగ నూనెతో దీపం పెట్టడం, ఎండాకాలంలో తునికి పండ్లు ఏరుకు తినడం కూడా ఉంటాయి. ఇవేవీ బడి పుస్తకంలో దొరకవు. అడిగితే చెప్పేవాళ్లు ఇంట్లో ఉన్న రోజుల్లోనే అడగాలి.

*నేను ఆరో తరగతి. పార్కులో కింద పడిన నెమలి ఈక దొరికింది. గార్డు అంకుల్ తీసుకెళ్లొద్దన్నాడు. నెమలిని నేను పీకలేదు కదా. ఎందుకు తప్పు?*
— ఒక విద్యార్థి, వనస్థలిపురం

బాబూ, నువ్వు నెమలికి ఏ కీడూ చేయలేదు, ఆయన చెప్పిందీ సరైనదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ పార్కు నుంచి ఈకైనా, కాయైనా, కట్టెపుల్లైనా బయటికి తేకూడదు. రోజూ వందలమంది వచ్చే చోట తలా ఒకటి పట్టుకుపోతే ఏం మిగులుతుందో నువ్వే ఆలోచించు.

ఈక తేకపోయినా, అది ఎలా ఉంటుందో బాగా చూసి రావచ్చు. నెమలి పురి మనమనుకునే తోక కాదు. అవి తోక మొదట్లో పైన మొలిచే పొడవాటి ఈకలు. అసలు తోక వాటి వెనక పొట్టిగా, గోధుమరంగులో ఉండి పురిని నిలబెడుతుంది. నెమలి ఆడేటప్పుడు వెనక్కి వెళ్లి చూడు, కనిపిస్తుంది. వానాకాలం ముగిసే సరికి పురి రాలిపోయి, కొత్తది మొలుస్తుంది. ఇంకో సంగతి. ఈకలోని నీలానికి, ఆకుపచ్చకు ఆ రంగు పదార్థమేదీ లేదు. ఈకలోని సన్నని పొరల మీద వెలుగు పడి తిరిగి రావడంలో పుట్టే రంగులవి. ఈకను వెలుగుకు అడ్డంగా పట్టి అవతలి వైపు నుంచి చూస్తే మట్టిరంగే. ఇంట్లో దేవుడి దగ్గర పాత ఈక ఉంటే అమ్మను అడిగి చేసి చూడు.

మీ ఊళ్లోనే మహావీర్ హరిణ వనస్థలి ఉంది. అక్కడ కృష్ణజింకలను చూడు. మెలితిరిగిన కొమ్ములు, నల్లటి వీపు మగవాటికి. లేత గోధుమరంగువి ఆడవి, పిల్లలు.

*వానాకాలంలో పాములు తిరుగుతాయని మా ఇంట్లో వద్దంటున్నారు. భయం నిజమేనా?*
— ఒక తండ్రి, ఎల్బీ నగర్

పాములు ఉంటాయి. మనుషుల అడుగుల అదురు తెలిసి చాలావరకు తప్పుకుంటాయి కూడా. పిల్లలకు బూట్లు, మేజోళ్లు, పొడవాటి ప్యాంటు వేయండి. దారి దిగనివ్వకండి. రాళ్ల కిందా, ఆకుల కుప్పల్లోనూ చేతులు పెట్టనివ్వకండి. చీకటి పడక ముందే గేటు దాటండి. ఇవి పాటిస్తే భయపడాల్సింది పెద్దగా లేదు.

ఒకవేళ కాటు పడితే ఏం చేయాలో మాత్రం ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. పసరు మందు కోసం, మంత్రం కోసం ఒక్క నిమిషం కూడా పోగొట్టొద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. పామును పట్టి తీసుకెళ్లక్కర్లేదు. మనదేశంలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటి విషానికీ పనిచేస్తుంది.

*పోయిన చలికాలంలో పార్కు నుంచి వచ్చాక పాప చేతులు దద్దుర్లెక్కి, రాత్రంతా గోక్కుంటూనే ఉంది. ఏదో కాయ ముట్టుకున్నానంది. ఏమై ఉంటుంది?*
— ఒక పాఠకురాలు, బోడుప్పల్

మీరు చెప్పినదాన్ని బట్టి దూలగొండి అయి ఉండొచ్చు. పొదల మీద పాకే తీగ, చింతకాయలా వంగిన కాయ, దాని నిండా బంగారు రంగు నూగు. దురదంతా ఆ నూగుదే. రుద్దితే ఇంకా లోపలికి దిగుతుంది. అంటించే టేపును చర్మం మీద వేసి లాగి, నూగు ఊడొచ్చాక సబ్బుతో కడగండి. బట్టలు విడిగా ఉతకండి.

*విశాఖలో ఉంటాం. కంబాలకొండకు ఆరేళ్ల పిల్లను తీసుకెళ్లొచ్చా?*
— ఒక తండ్రి, మధురవాడ

తప్పకుండా తీసుకెళ్లండి. ఊరి పక్కనే ఇంత అడవి మిగిలి ఉండటం విశాఖ అదృష్టం. అయితే అది పెంచిన తోట కాదు, చిరుత తిరిగే అభయారణ్యం. గుర్తు పెట్టిన దారిలోనే, ఉదయం పూటే, పెద్దవాళ్ల మధ్య పిల్లను నడిపించండి. ముందుకు పరిగెత్తనివ్వకండి. కోస్తా ఉక్కపోతకు పిల్లలు త్వరగా వాడిపోతారు కాబట్టి దాహం వేయకముందే నీళ్లు పట్టండి. ఏప్రిల్, మే నెలలు వదిలేయండి.

*పిట్టల్ని గుర్తుపట్టడానికి పిల్లలకు బైనాక్యులర్స్ కొనాలా? ఫోన్‌లో యాప్‌లు ఉన్నాయంటున్నారు.*
— ఒక పాఠకుడు, నిజాంపేట

ఇప్పుడే వద్దు. పదేళ్లలోపు పిల్లలకు ఆ అద్దాల్లో పిట్టను పట్టుకోవడమే కష్టం, చిరాకుపడి పక్కన పడేస్తారు. ముందు చెవులతో మొదలుపెట్టండి. పొదలోంచి బరువుగా "ఊప్ ఊప్ ఊప్" అని వినిపిస్తే జెముడుకాకి, ఎర్రటి రెక్కలతో నేల మీదే తిరుగుతుంటుంది. కూతను బట్టి పేరు చెప్పే మెర్లిన్ యాప్ ఉచితమే, బాగా పనికొస్తుంది. అందులోని కూతలను మాత్రం పార్కులో గట్టిగా పెట్టకండి. అది గూళ్లు కట్టుకునే కాలమైతే, వేరే పిట్ట తన చోటుకు వచ్చిందనుకుని తల్లిపిట్ట గూడు వదిలి వెతుక్కుంటూ తిరుగుతుంది.