ప్లగ్గు చెప్పెడి మాట

వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు ఆయన మొదట నాడి పట్టి చూచును. పిదప నాలుక చాపుమనును. లోపలి సంగతిని నాలుక కొంతవరకు బయటపెట్టును. పెట్రోలు ఇంజనునకు అట్టి నాలుకయే స్పార్కు ప్లగ్గు. దానిని చూచి ఇంజను ఆరోగ్యమును తెలిసికొనుట ఎట్లో ఈ పాఠములో వివరింపదలచితిమి.

కావలికి తూర్పున తుమ్మలపెంట సముద్రతీరము, పడమట ఉదయగిరి మార్గము, నడుమ చెన్నై నుండి కలకత్తా పోవు జాతీయ రహదారి ఉన్నవి. ఈ ప్రాంతపు పల్లెలలో ఒక బాడుగ కారు ఒక కుటుంబమునకు జీవనాధారము. అర్ధరాత్రి నొప్పులు పడుచున్న గర్భిణిని నెల్లూరు ఆసుపత్రికి చేర్చవలసి వచ్చినప్పుడు ఊరంతటికి ఆధారము కూడ అదియే. అట్టి బండి నడిదారిలో ఆగిపోయినచో నష్టము డబ్బుతో పోవునది కాదు.

ఇటీవల మేము కావలిలో ఒక మెకానిక్కు షెడ్డునకు పోయినప్పుడు ఒక డ్రైవరు తన టర్బో పెట్రోలు కారును తెచ్చెను. "అన్నా, మిట్ట ఎక్కేటప్పుడు బండి లాగటం లేదు. ప్లగ్గులు మార్చి పంపు" అని కోరెను. "మార్చేది తర్వాత, ముందు చూద్దాం ఉండు" అని మెకానిక్కు మూడు ప్లగ్గులను ఊడదీసి వరుసగా ఒక కాగితముపై పెట్టెను. రెండు లేత గోధుమ రంగున ఉన్నవి. మూడవదాని పింగాణీ ముక్కు సున్నమువలె తెల్లబడి, దానిపై మిరియపు పొడి చల్లినట్లు నల్లని చుక్కలు కనిపించినవి. ఆ చుక్కల అర్థము తెలియుటకు ముందు ఇంజను పని కొంత తెలియవలెను.

టర్బో ఇంజను ప్రత్యేకత

సిలిండరులో చేరిన పెట్రోలు, గాలి మిశ్రమమును విద్యుత్తు రవ్వతో వెలిగించుట ప్లగ్గు పని. ఇక టర్బో సంగతి. పొగగొట్టము గుండ వృథాగా పోవు వేడి వాయువుల బలముతో ఒక చిన్న చక్రము తిరుగును. దానితో ఒకే ఇరుసుపై ఉన్న మరియొక చక్రము బయటి గాలిని అదిమి సిలిండర్లలోనికి నెట్టును. స్విట్జర్లండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో ఈ ఉపాయమునకు పేటెంటు పొందెను. ఈ చక్రములు నిమిషమునకు లక్షకు మించి చుట్లు తిరుగగలవు. గాలి ఎక్కువైన కొలది ఎక్కువ పెట్రోలు కాల్చవచ్చును. అందుచే చిన్న ఇంజను పెద్ద ఇంజను బలమును చూపును.

అయితే బలముతోపాటు వేడియు, ఒత్తిడియు పెరుగును. సాధారణముగా ప్లగ్గు కొన సుమారు 500 నుండి 850 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ ఉండవలెను. అంతకు తగ్గినచో మసి పేరుకొనును. చాల మించినచో ఎర్రగా కాలిన కొనయే, రవ్వ పడక ముందే మిశ్రమమును అంటించును. కావుననే టర్బో ఇంజనుకు వేడిని త్వరగా వదలిపెట్టు 'కోల్డు' రకపు ప్లగ్గును వాడుదురు. రవ్వ దూకు సందును కూడ కొంచెము తగ్గింతురు. తయారీదారు పుస్తకములో చెప్పిన నంబరును, సందు కొలతను తప్పరాదు.

ఊడదీయు విధము

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే ప్లగ్గు విప్పవలెను. ముందుగా చుట్టునున్న దుమ్మును గాలితో ఊదివేయవలెను. లేనిచో ఇసుక సిలిండరులో పడును. ఏ ప్లగ్గు ఏ సిలిండరుదో తెలియునట్లు వరుసగా పెట్టవలెను. వరుస తప్పినచో సాక్ష్యము చెడిపోవును. చాలసేపు ఐడిలులో నడచిన బండి ప్లగ్గు మసి పట్టి మోసపుచ్చును. రహదారిపై బరువుతో కొంతదూరము నడచిన బండి ప్లగ్గు నిజము చెప్పును.

రంగులు చెప్పు సంగతులు

లేత గోధుమ రంగు లేదా బూడిద రంగు ఆరోగ్యమునకు గుర్తు.

పొడిగా నల్లని మసి ఉన్నచో పెట్రోలు ఎక్కువై గాలి చాలలేదని అర్థము. మొదట ఎయిర్ ఫిల్టరు చూడవలెను. టర్బో నుండి గాలిని తెచ్చు గొట్టము చిట్లినను కొన్ని ఇంజనులలో ఇట్లే జరుగును.

నల్లగా తడిగా నూనె జిడ్డు ఉన్నచో ఇంజను ఆయిలు లోపల కాలుచున్నది. ఒక్క ప్లగ్గుననే ఉన్నచో ఆ సిలిండరు రింగులను, వాల్వు సీళ్ళను అనుమానింపవలెను. అన్నింటను ఉన్నచో టర్బో సీలును కూడ పరీక్షింపవలెను. ఏలనన టర్బో ఇరుసు ఇంజను ఆయిలుపైననే తిరుగును.

ఒక్క ప్లగ్గు మాత్రము కడిగినట్లు శుభ్రముగా ఉండి, రేడియేటరులో నీరు తరుగుచున్నచో, హెడ్డు గాస్కెట్టు గుండ నీరు సిలిండరులోనికి దిగుచున్నదేమో చూడవలెను.

తెల్లగా పొంగిన పింగాణీ, కరగిన కొన అధికమైన వేడికి గుర్తులు. నల్లని చుక్కలు గాని, మెరయు అల్యూమినియము రేణువులు గాని కనిపించినచో అది మరింత ప్రమాదము. మిశ్రమము క్రమముగా కాలక ఒక్కసారిగా పేలుచు పిస్టనును సమ్మెటవలె కొట్టుచున్నదన్న మాట. ఆ రేణువులు పిస్టను నుండి రాలినవే. అట్టి బండిని బరువుతో నడపినచో పిస్టను పగులవచ్చును, చిల్లు పడవచ్చును.

కావలి షెడ్డులో చూచిన మూడవ ప్లగ్గు చెప్పినది ఇదియే. మెకానిక్కు వెదకగా ఆ సిలిండరునకు పెట్రోలు చిమ్ము ఇంజెక్టరు సగము పూడియుండెను. పెట్రోలు చాలక అచ్చట వేడి పెరిగినది. ఇంజెక్టరును శుభ్రపరచి, కొత్త ప్లగ్గు బిగించిన పిమ్మట బండి మిట్టలు ఎక్కెను. చూడక ప్లగ్గులు మాత్రము మార్చి పంపియున్నచో రోగము అట్లే ఉండి, దాని గుర్తు మాత్రము చెత్తబుట్టలో పడియుండెడిది.

కొన్ని జాగ్రత్తలు

మన దేశమున 2000 నుండి సీసము లేని పెట్రోలే వాడుకలో ఉన్నది. కొత్త ఇంజనులను కంప్యూటరు నడుపుచున్నది. అందుచే రంగులు పూర్వమంత స్పష్టముగా ఉండవు; వెలుతురులో భూతద్దముతో చూచుట మేలు. ప్లగ్గు సాక్షియే గాని తీర్పరి కాదు. అనుమానము కలిగినప్పుడు కంప్రెషను పరీక్ష, స్కానరు పరీక్ష చేయింపవలెను. ఇరిడియము ప్లగ్గులను ఇనుప బ్రష్షుతో రుద్దరాదు. బిగించునప్పుడు మొదటి మరలు చేతితోనే త్రిప్పవలెను. బలవంతము చేసినచో అల్యూమినియము హెడ్డు మర చెడిపోవును.

ట్రాక్టరు వంటి డీజిలు ఇంజనులకు స్పార్కు ప్లగ్గు ఉండదు. వానికి పొగ రంగు, ఆయిలు ఖర్చు చూచుకొనవలెను. ఏ టర్బో బండికైనను ఆయిలు గడువునకు మార్చవలెను. దూరప్రయాణము పిదప ఒక నిమిషము ఐడిలులో ఉంచి ఆపవలెను.

ప్రతి బండి యజమానియు ఒక చిన్న పుస్తకము పెట్టుకొని, ప్లగ్గులు చూచిన తేది, తిరిగిన కిలోమీటర్లు, సిలిండరు వారీగా కనిపించిన రంగు వ్రాసికొనవలెను. మునుపటి రంగు తెలిసియున్నచో నేటి మార్పు ఇట్టే కనిపించును. పాత ప్లగ్గును పారవేయుటకు ముందు అది చెప్పెడి మాటను ఒక్కసారి ఆలకింపుడు.