రాతి చప్పుడు

బళ్ళారి జిల్లా పిల్లలకు గని కొత్త కాదు. సండూరు కొండల్లో ఇనుప ఖనిజాన్ని తవ్వడం వారెరుగుదురు. అయితే అక్కడ పని ఆకాశం కింద జరుగుతుంది. నేల కడుపులోకి దిగి పనిచేసే కార్మికుని తలపై ఉండేది రాయి. ఆ రాతి స్వభావాన్ని తెలుసుకొని ప్రాణాలు కాపాడేందుకు మన రాష్ట్రంలోనే ఒక పరిశోధన సంస్థ ఏర్పడింది.

కోలారు బంగారు గనులను 1880లో జాన్ టేలర్ సంస్థ చేపట్టింది. తమిళ, తెలుగు ప్రాంతాల పేద కుటుంబాలెన్నో పని వెదుక్కుంటూ వచ్చి అక్కడ స్థిరపడ్డాయి. 1902లో శివనసముద్రం నుండి గనులకు విద్యుత్తు అందింది. బంగారాన్ని వెంబడించి తవ్వగా తవ్వగా చాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్లు దాటింది.

లోతుతోపాటు అపాయమూ పెరిగింది. ఖనిజం తీసిన చోట ఖాళీ ఏర్పడుతుంది. అక్కడి బరువంతా పక్కనున్న రాతిపై పడుతుంది. మోయగలిగినంత కాలం ఆ రాయి మోస్తుంది. మోయలేనప్పుడు ఒక్కసారిగా పగిలి ముక్కలను విసురుతుంది. ఇదే శిలా విస్ఫోటం. పెద్ద విస్ఫోటాలకు పైన ఇళ్ళు కూడా అదిరేవి. ఎందరో కార్మికులు వీటివల్ల మరణించారు.

ఖాళీలకు ఆధారంగా మొదట కొయ్య దుంగలను, తరువాత గ్రానైటు రాళ్ళను, ఆపైన కాంక్రీటును వాడారు. అదురును పట్టే పరికరాలను అమర్చారు. ఊరి చివర డప్పు మోగితే దగ్గరి ఇంటికి ముందుగా, దూరపు ఇంటికి ఆలస్యంగా వినిపిస్తుంది కదా! అలాగే అదురు ఏ పరికరాన్ని ఎప్పుడు చేరిందో లెక్కగట్టి, రాయి చిట్లిన చోటును గుర్తించేవారు.

ఇటువంటి పరిశోధన కోసమే 1988లో కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో జాతీయ శిలా యాంత్రిక సంస్థ ఏర్పడింది. అది బొగ్గు గనుల పైకప్పులను, స్తంభాలను కూడా పరిశీలించింది. బొగ్గు గనిలో కార్మికుడు పైకప్పును కడ్డీతో తట్టి చూస్తాడు. ఖంగుమంటే ధైర్యం, బోలు శబ్దం వస్తే వెనక్కు జరుగుతాడు. ఆ అనుభవానికి తోడుగా, పైకప్పు కొద్ది మిల్లీమీటర్లు దిగినా చూపే పరికరాలు వచ్చాయి. కాని పరికరం హెచ్చరిస్తుంది, అంతే. పని ఆపవలసినవాడు మనిషే. ఆనాటి బొగ్గు తగ్గినా సరే, ఆపాలి.

2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడ్డాయి. అక్కడ నేర్చిన పాఠం మాత్రం మూతపడలేదు. కుడితిని విద్యుత్ కేంద్రం బొగ్గుతో నడుస్తుంది. మన ఇంట దీపం వెలిగినప్పుడు, నేల కింద రాతి చప్పుడు వింటూ పనిచేసేవారిని తలచుకోవాలి.

ప్రశ్నలు
1. శిలా విస్ఫోటం ఎందుకు కలుగుతుంది?
2. రాయి చిట్లిన చోటును ఎలా గుర్తించేవారు?
3. 'పని ఆపవలసినవాడు మనిషే' – ఈ మాటను మీ సొంత మాటల్లో వివరించండి.