ఆకు చాటున గ్రుడ్లు: మిత్రునివా, శత్రువువా?

ప్రాతఃకాలమున పొలముగట్టు వెంట నడచువారికి అప్పుడప్పుడు ఒక వింత దృశ్యము కనబడుచుండును. ప్రత్తి ఆకుపైన గాని, వంగ ఆకు అడుగున గాని తలవెండ్రుకవలె సన్నని తెల్లని పోగులు నిలువుగా లేచియుండును. ఒక్కొక్క పోగు కొనయందు ఆవగింజ కంటె చిన్నదగు గ్రుడ్డు ఒకటి నిలిచియుండును. చూచినవారిలో ఒకరు దానిని బూజు అందురు. మరియొకరు తెగులు అందురు. వెంటనే మందు చల్లుటకు సిద్ధపడువారును కలరు. కొరియా, చైనా దేశములలో బుద్ధ విగ్రహములపై ఇట్టి పోగులు కనబడినప్పుడు భక్తులు వానిని అరుదైన ఉదుంబర పుష్పములని తలచి నమస్కరించిన సందర్భములు కలవు. ఉదుంబరమనగా మన మేడియే. కంటికి కానరాని వానిని మేడిపువ్వుతో పోల్చుట మనకును అలవాటే గదా!

నిజమునకు అవి బూజును కావు, పువ్వులును కావు. అవి అల్లిక రెక్కల పురుగు పెట్టిన గ్రుడ్లు. ఈ పురుగు పిల్లలు పేనుబంకను, తెల్లదోమను, ఇతర పురుగుల గ్రుడ్లను తిని పైరును కాపాడును. ఆకలిగొన్న పిల్ల తన తోడి గ్రుడ్లను సైతము తినివేయును. అందుచేతనే తల్లి ప్రతి గ్రుడ్డును వేరువేరు పోగులపై నిలుపును. చీమలకు కూడ అది సులభముగా అందదు. ఇట్టి రక్షకునిపై తెలియక మందు చల్లినచో, పైకము పోసి మన కావలివానిని మనమే చంపుకొన్నట్లగును.

గుర్తించుటకు నాలుగు ప్రశ్నలు

గ్రుడ్లు కనబడినప్పుడు తొందరపడక ఈ నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. ఒకటి: అవి ఏ మొక్కపై, ఏ భాగమున ఉన్నవి? రెండు: ఒంటిగా ఉన్నవా, గుంపుగా ఉన్నవా? మూడు: ఆకారము, రంగు ఎట్టివి? నాలుగు: వానిపై నూగు వంటి కప్పు ఉన్నదా? ఒక చిన్న భూతద్దము చేతనున్నచో ఈ పరీక్ష మరింత సుకరమగును.

వరి నారుమడిలో ఆకు కొనల దగ్గర గోధుమ వన్నె నూగుతో కప్పబడిన చిన్న ముద్దలు కనబడినచో, అవి కాండము తొలుచు పురుగు గ్రుడ్లు. సుమారు వారము దినములలో పిల్లలు వెలువడి కాండములోనికి తొలుచుకొని పోవును. లేతపైరులో మొవ్వ ఎండిపోవుటయు, ఈనిన పైరులో తాలుపోయిన తెల్లకంకులు వచ్చుటయు దీని ఫలమే. కాండములో చేరిన పురుగును అందుకొనుట కష్టము. నాటుటకు ముందు నారు కొనలను త్రుంచి నాశనము చేసినచో గ్రుడ్లు పొలములోనికి చేరనేచేరవు.

ఆముదము, వేరుసెనగ, మిరప ఆకుల అడుగున ఇట్టి నూగు కప్పిన ముద్దయే కనబడినచో అది పొగాకు లద్దె పురుగుది కావచ్చును. ఒక్క ముద్దలో వందలకొలది గ్రుడ్లుండును. క్రొత్తగా పుట్టిన పిల్లలు కొలది దినములు ఒకే ఆకుపై గుంపుగా మేసి, ఆకును జల్లెడవలె చేయును. ఆ దశలో ఆ ఒక్క ఆకును త్రుంచివేసిన చాలును. చెదరిపోయిన పిమ్మట పొలమంతయు వెదుకవలసివచ్చును. ఈ తల్లి పురుగునకు ఆముదపు ఆకు మిక్కిలి ఇష్టము. కనుకనే వేరుసెనగ, ప్రత్తి చేల గట్లపై ఆముదము మొక్కలను ఎరగా వేయుదురు.

వంగతోటలో మోసపోవుట మరింత సులభము. అక్షింతల పురుగు అను పేరు మనలో రెండింటికి కలదు. ఒకటి పేనుబంకను తిను మిత్రుడు. రెండవది వంగ, కాకర ఆకులను గీకి తిను శత్రువు. రెండును పసుపు వన్నె గల పొడవాటి గ్రుడ్లను గుంపుగా నిలువుగా పెట్టును. గ్రుడ్లను మాత్రమే చూచి నిర్ణయించుట అనుభవజ్ఞులకును కష్టము. చుట్టుప్రక్కల పేనుబంక యున్నచో మిత్రునివని తలపవచ్చును. ఆకు గీకబడి జల్లెడవలె నున్నచో శత్రువును అనుమానింపవలెను. పిల్లలు వెలువడిన పిమ్మట సందేహము తీరును. మిత్రుని పిల్ల నల్లగా నుండి చురుకుగా పరుగిడును. శత్రువు పిల్ల పసుపుగా, ఒడలెల్ల ముండ్లతో, మందముగా కదలును.

గ్రుడ్డులోనే మిత్రుడు దాగియుండుటయు కలదు. శనగపచ్చ పురుగు లేత ఆకులపై, మొగ్గలపై గుండ్రని గ్రుడ్లను ఒక్కొక్కటిగా పెట్టును. ట్రైకోగ్రామా అను అతి సూక్ష్మమైన కందిరీగ జాతి కీటకము ఆ గ్రుడ్డులో తన గ్రుడ్డును పెట్టును. అప్పుడు శత్రువు గ్రుడ్డు నల్లబడి, దానినుండి మిత్రుడే వెలువడును. గొంగళి పురుగు దేహముపై బియ్యపుగింజలవలె తెల్లగా అంటియుండునవి అసలు గ్రుడ్లే కావు. అవి దాని దేహమును తిని పెరిగిన మరియొక చిన్న కందిరీగ జాతి గూళ్ళు. ఆ గొంగళి ఎటులైనను బ్రతుకదు. దానిని అట్లే విడిచిన మిత్రులు వృద్ధియగుదురు.

సందేహము తీరనిచో

ఆకును గ్రుడ్లతో సహా త్రుంచి గాజుసీసాలో నుంచి, మూతికి దట్టమైన పలుచని గుడ్డ కట్టవలెను. తేదీ, పైరు పేరు, పొలము గుర్తు వ్రాసిన చీటీ అంటించి నీడలో నుంచవలెను. ప్రతి ఉదయము చూచుచుండిన, సాధారణముగా వారము పది దినములలో వెలువడిన జీవియే తన పేరు చెప్పును. అయితే సీసా తేలువరకు పొలమును మరచిపోరాదు. ఆ ఆకులున్న చోటును ప్రతిదినము చూచుచుండవలెను.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

రెక్కల పురుగునకు సరిహద్దు రాయి లేదు. ఒకని చేనిలో పొదిగిన గ్రుడ్డు పదుగురి చేలకు ముప్పు తెచ్చును. కావున ఇది ఒక్క రైతు పని కాదు, ఊరి పని. 1992లో ఆమోదము పొందిన 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. వానిలో మొదటిది వ్యవసాయము. వ్యవసాయ విస్తరణ అందులోనే చేరియున్నది.

సభ్యులు వారమున కొకమారు పాఠశాల బాలబాలికలను వెంటబెట్టుకొని చేలగట్ల మీద నడువవచ్చును. చిన్నవారి కన్ను సూక్ష్మమును త్వరగా పట్టును. సేకరించిన సీసాలను పంచాయతీ కార్యాలయమున ఒక బల్లపై నుంచి, గుర్తు తెలియని వానిని వ్యవసాయ శాఖ సిబ్బందికి చూపవచ్చును. నారు నాటు దినములలో కొనలు త్రుంచు పనిని ఊరంతయు ఒకేసారి చేయునట్లు నిశ్చయింపవచ్చును.

ఇందుకు పెద్ద వ్యయము లేదు. వలసినవి ఒక భూతద్దము, నాలుగు గాజుసీసాలు, కొంత ఓపిక. మందు చల్లుటకు ముందు ఆకును త్రిప్పి చూచు అలవాటు ఊరికి కలిగినచో, రైతు ధనము మిగులును, మిత్రకీటకములు మిగులును, పైరు నిలుచును.