గోలీ మింగే ముందు, క్రీము రాసే ముందు

ఒక ఊళ్లో ఒక అత్త, ఒక కోడలు ఉన్నారు. ఇద్దరూ కూలి పనికి పోతారు. అత్తకు నడుం నొప్పి. కోడలికి బుగ్గల మీద మంగు మచ్చలు.

అత్త పనికి పోయే ముందు రోజూ ఒక నొప్పి గోలీ మింగుతుంది. కిరాణా కొట్లో అడిగితే ఇచ్చారు. కోడలు రాత్రిపూట ఒక క్రీము రాస్తుంది. పక్కింటామె వాడుతోందని తనూ కొనుక్కుంది. గోలీ మీద ఏం రాసి ఉందో అత్త చూడలేదు. ట్యూబు మీద ఏం రాసి ఉందో కోడలూ చూడలేదు.

నాట్లు పడుతున్న రోజులు. ఒకనాడు అత్త కళ్లు తిరిగి పొలం గట్టు మీద కూలబడింది. అప్పటికే రెండు రోజులుగా ఆమెకు మలం తారులాగా నల్లగా, జిగటగా పోతోంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. కోడలు 108కి ఫోను చేయించింది. సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయారు.

"ఏం మందులు వాడుతున్నావమ్మా?" అని డాక్టరు అడిగింది.

అత్త కొంగు ముడి విప్పింది. కత్తిరించిన గోలీ ముక్కలు రెండు ఉన్నాయి. డాక్టరుకు సంగతి అర్థమయింది. కడుపులో పుండు పడింది. పుండు నుంచి రక్తం కారుతోంది. ఆ రక్తమే నల్లగా మలంలో పోతోంది. రక్తం ఎక్కించారు. అత్త బతికింది.

వారం తర్వాత ఆశా కార్యకర్త వాళ్ల ఇంటికి వచ్చింది.

"నొప్పి తగ్గే గోలీ కడుపులో పుండు ఎట్లా చేస్తుంది బిడ్డా?" అని అత్త అడిగింది.

"చెప్తాను పెద్దమ్మా. వదినా, నువ్వూ ఇట్లా వచ్చి కూర్చో," అంది ఆశా కార్యకర్త.

నొప్పి గోలీలు రెండు రకాలు

మొదటి రకం పారాసిటమాల్. క్రోసిన్, డోలో, కాల్పాల్ అని రకరకాల పేర్లతో అమ్ముతారు. లోపల మందు ఒకటే. జ్వరానికి, తలనొప్పికి, ఒళ్లు నొప్పులకు పనిచేస్తుంది. సరిగా వాడితే కడుపులో మంట పెట్టదు. కానీ ఎక్కువ మింగితే కాలేయం చెడిపోతుంది. ప్రాణం మీదికి కూడా వస్తుంది.

రెండో రకం డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటివి. నెలసరి నొప్పికి వాడే మెఫెనమిక్ ఆసిడ్ కూడా ఈ రకమే. వాపును, నొప్పిని ఇవి గట్టిగా తగ్గిస్తాయి. ప్రమాదం కూడా వీటితోనే ఎక్కువ.

మన ఒంట్లో ఒక పదార్థం ఊరుతుంది. దెబ్బ తగిలిన చోట నొప్పిని, వాపును పుట్టించేది అదే. కడుపు లోపలి పొరను పుల్లటి రసం నుంచి కాపాడేదీ అదే. కిడ్నీలకు రక్తం సరిగా అందేట్టు చూసేదీ అదే. రెండో రకం గోలీ ఈ పదార్థాన్ని ఊరనివ్వదు. అందుకే నొప్పి తగ్గుతుంది. దాంతో పాటే కడుపుకు, కిడ్నీలకు ఉన్న కాపలా కూడా పోతుంది.

"అంటే ఇల్లు కాచే కుక్కను కట్టేసినట్టు," అంది అత్త.

"అంతే పెద్దమ్మా. ఒకటి రెండు రోజులైతే చాలామందికి ఏమీ కాదు. నెలల తరబడి కట్టేస్తే ఇల్లు గుల్లవుతుంది."

ఎండ, చెమట, గోలీ

కూలి పని చేసేవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. ఎండలో చెమట కారిపోతుంది. చాటు దొరకదని చాలామంది ఆడవాళ్లు నీళ్లు తక్కువ తాగుతారు. ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీలకు రక్తం తక్కువ అందుతుంది. అప్పుడే నొప్పి గోలీ కూడా మింగితే కిడ్నీలకు రెండు దెబ్బలు తగిలినట్టు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఎంతోమంది కిడ్నీ జబ్బుతో బాధపడుతున్నారు. అక్కడి జబ్బుకు అసలు కారణం ఇదీ అని తేల్చి చెప్పలేదు. కానీ ఒక మాట మాత్రం ఖాయం. ఒకసారి దెబ్బతిన్న కిడ్నీని రెండో రకం గోలీలు ఇంకా దెబ్బ తీస్తాయి.

రెండో రకం గోలీ ఎవరు మింగకూడదు?

కడుపులో పుండు ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు వీటిని సొంతంగా మింగకూడదు. బీపీకి మందులు వాడేవాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టరును అడగాలి.

గర్భిణులు అసలు సొంత వైద్యం చేసుకోకూడదు. ముఖ్యంగా అయిదో నెల దాటాక ఈ గోలీలు కడుపులో బిడ్డకు కీడు చేస్తాయి.

డెంగీ జ్వరం అని అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ మింగకూడదు. రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. డెంగీలో జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే వాడాలి. అది కూడా డాక్టరు చెప్పినంతే.

పిల్లలకు జ్వరం వస్తే ఆస్పిరిన్ ఇవ్వకూడదు. నిమెసులైడ్ అనే మందును 12 ఏళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదని మన ప్రభుత్వం 2011లో నిషేధించింది. పెద్దల గోలీని సగం విరిచి పిల్లలకు వేయడం కూడా తప్పే. పిల్లల మందు బరువును బట్టి ఇస్తారు.

గోలీ మింగాక ఒంటి మీద దద్దుర్లు, జ్వరం వస్తే వెంటనే ఆపాలి. డాక్టరు దగ్గరికి పోవాలి. మెఫెనమిక్ ఆసిడ్ వాడినవాళ్లలో ఇట్లాంటి ప్రమాదం ఉండవచ్చని 2023లో ప్రభుత్వ సంస్థ ఒకటి హెచ్చరించింది.

ఇంకో మాట. ఐరన్ గోలీలు వాడినా మలం నల్లగా పోతుంది. దానికి భయపడనక్కర లేదు. కానీ తారులాగా జిగటగా పోతూ, కళ్లు తిరుగుతూ, కడుపు నొప్పి ఉంటే ఆలస్యం చేయకూడదు.

అంకెలు చదువుదాం

"గోలీ మీద అంతా ఇంగ్లీషే కదా అక్కా. మేం నేర్చుకుంది తెలుగు," అంది కోడలు.

"అంకెలు మాత్రం మనం నేర్చుకున్నవే వదినా. బస్సు మీద చదువుతావు. పొదుపు పుస్తకంలో చదువుతావు. గోలీ మీదా చదువు," అని ఆశా కార్యకర్త ఒక అట్ట చేతికిచ్చింది.

కోడలు కూడబలుక్కుని చదివింది. ఒక చోట 500 అని ఉంది. అది మందు బరువు. 500 మిల్లీగ్రాములు అన్నమాట. ఇంకొన్ని అట్టల మీద 650 ఉంటుంది. అంకె పెద్దదైతే మందు ఎక్కువ.

ఇంకో చోట నెల, సంవత్సరం ఉంటాయి. అట్లాంటివి రెండు ఉంటాయి. ముందుది మందు తయారైన నెల. తర్వాతది గడువు తీరే నెల. ఆ నెల ఆఖరి రోజు దాటితే మందు వాడకూడదు.

కొట్లో రెండు గోలీలు అడిగితే అట్ట కత్తిరించి ఇస్తారు. గడువు రాసిన ముక్క కొట్లోనే ఉండిపోతుంది. అందుకే కొనేటప్పుడే అట్ట మొత్తం చూపించమని అడగాలి. మందు పేరు, గడువు ఒక కాగితం మీద తెలుగులో రాసుకోవాలి. అడగడానికి మొహమాటం వద్దు. డబ్బులు మనవి, ఒళ్లు మనది.

అట్ట మీద నిలువునా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ మీదే కొనవలసిన మందు.

లెక్క చేద్దాం

పెద్దవాళ్లు పారాసిటమాల్ ఒకసారి వేసుకున్నాక 6 గంటలు ఆగి వేసుకోవడం మంచిది. ఒక్కసారికి 1000 మిల్లీగ్రాములు మించకూడదు. ఒక పగలు, ఒక రాత్రి కలిపి 4000 మించకూడదు. సన్నగా, బలహీనంగా ఉన్నవాళ్లు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లు, రోజూ సారా, కల్లు తాగేవాళ్లు అంత కూడా వేసుకోకూడదు. వాళ్లు డాక్టరును అడగాలి.

ఒకామెకు జలుబు, జ్వరం. జలుబు గోలీ ఒకటి, జ్వరం గోలీ ఒకటి కలిపి మింగింది. జలుబు గోలీలో కూడా పారాసిటమాల్ ఉంటుందని ఆమెకు తెలియదు. దాంట్లో 500, దీంట్లో 650. కూడితే 1150. ఒక్కసారికే హద్దు దాటింది. అందుకే రెండు గోలీలు కలిపి మింగే ముందు, "రెండింట్లో ఒకే మందు ఉందా?" అని అడగాలి.

జ్వరం మూడు రోజుల్లో తగ్గకపోయినా, నొప్పి అయిదు రోజుల్లో తగ్గకపోయినా గోలీలు పెంచకూడదు. డాక్టరుకు చూపించుకోవాలి.

ఇక క్రీము సంగతి

ఆశా కార్యకర్త కోడలి ముఖం చూసింది. బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. సన్నని నూగు వెంట్రుకలు వచ్చాయి.

"మొదట్లో తెల్లగా నిగనిగలాడింది అక్కా. ఇప్పుడు ఎండలోకి పోతే మంట. మానేద్దామంటే మచ్చలు ఇంకా ఎక్కువవుతున్నాయి," అంది కోడలు.

"ఆ ట్యూబు తీసుకురా వదినా."

ట్యూబు మీద మూడు మందుల పేర్లు ఉన్నాయి. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్.

మనం పండగకు నలుగు పెట్టుకుంటాం. సున్నిపిండి రుద్దితే చర్మం మీది చచ్చిన పొర, మురికి పోతాయి. కొన్ని క్రీములు ఇదే పని మందుతో చేస్తాయి. ట్రెటినాయిన్, సాలిసిలిక్ ఆసిడ్, గ్లైకోలిక్ ఆసిడ్ అట్లాంటివే. సున్నిపిండిని కడిగితే పోతుంది. ఈ మందు మాత్రం చర్మంలోకి దిగి పనిచేస్తుంది. పైపొర ఊడితే లోపలి లేత చర్మం బయటపడుతుంది. దానికి ఎండ తగిలితే కందిపోతుంది. మచ్చ ఇంకా నల్లబడుతుంది.

మొమెటసోన్ స్టెరాయిడ్. బెటామెథసోన్, క్లోబెటసాల్ కూడా స్టెరాయిడ్లే. డాక్టరు చెప్పినన్ని రోజులు రాస్తే మంచి మందులే. నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పల్చబడుతుంది. మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. తామరకు రాస్తే దురద తగ్గినట్టే ఉంటుంది కానీ, తామర ఒళ్లంతా పాకుతుంది. అందుకే ఇట్లాంటి స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో ప్రభుత్వం చెప్పింది.

తెల్లబడతారని చెప్పి అమ్మే కొన్ని క్రీముల్లో పాదరసం కలుపుతారు. పాదరసం చర్మం గుండా ఒంట్లోకి పోయి కిడ్నీలను చెడగొడుతుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో ఇట్లాంటి క్రీములు వాడినవాళ్లకు కిడ్నీ జబ్బు వచ్చిందని 2023లో డాక్టర్లు బయటపెట్టారు. తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా, గడువు లేని డబ్బా ఏదైనా కొనకూడదు.

"మరి ఇవాళే ఆపేయనా?" అని కోడలు అడిగింది.

"చాలా రోజులు వాడావు కదా. ఒక్కసారి ఆపితే మంట పెరుగుతుంది. రేపే చర్మం డాక్టరు దగ్గరికి పోదాం. ఎట్లా మానాలో ఆమె చెప్తుంది. ట్యూబు కూడా వెంట తీసుకుపోదాం. ఒక సంగతి వదినా, గర్భం వచ్చినా, బిడ్డ కావాలనుకుంటున్నా ట్రెటినాయిన్ రాయకూడదు."

"ఆ సంగతి ఎవరూ చెప్పలేదు అక్కా," అంది కోడలు.

పొర తీసే క్రీము వాడవలసి వస్తే

1. ముందు మోచేతి మడత దగ్గర కొంచెం రాసి చూడాలి. రెండు రోజులు ఆగాలి. దురద, మంట, బొబ్బలు వస్తే వాడకూడదు.

2. ముఖమంతటికీ కలిపి శనగ గింజంత చాలు. ఎక్కువ రాస్తే ఎక్కువ గుణం రాదు, పుండు పడుతుంది.

3. రాత్రిపూట రాయాలి. పొద్దున కడగాలి. పగలు కొంగు కప్పుకోవాలి. ఎండ పడకుండా చూసుకోవాలి.

4. కళ్ల చుట్టూ, పెదాల మీద, పుండ్ల మీద, గీరుకున్న చోట రాయకూడదు.

5. క్రీము రాసే రోజుల్లో నిమ్మరసం, గరుకు పిండి రుద్దకూడదు.

6. ఆస్పిరిన్ పడనివాళ్లు సాలిసిలిక్ ఆసిడ్ కూడా సొంతంగా వాడకూడదు. రెండూ ఒకే జాతి మందులు.

7. కాళ్ల ఆనెలకు వేసే పట్టీల్లో కూడా సాలిసిలిక్ ఆసిడ్ ఉంటుంది. షుగరు జబ్బు ఉన్నవాళ్లు అవి వేసుకోకూడదు. పాదానికి స్పర్శ తక్కువ కాబట్టి పుండు పడినా తెలియదు.

8. గోలీలు, క్రీములు పిల్లలకు అందకుండా పెట్టాలి. పిల్లలు మింగితే వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అట్టనో ట్యూబునో వెంట పట్టుకుపోవాలి.

చదివి జవాబులు రాయండి

1. అత్తకు మలం నల్లగా ఎందుకు పోయింది?

2. ఎండలో పనిచేసి, నీళ్లు తాగకుండా నొప్పి గోలీ మింగితే ఏమవుతుంది?

3. డెంగీ జ్వరంలో ఏ గోలీలు మింగకూడదు?

4. తామరకు స్టెరాయిడ్ క్రీము రాస్తే ఏమవుతుంది?

5. 650 గోలీ 6 గంటలకు ఒకటి చొప్పున వేసుకుంటే ఒక పగలు, ఒక రాత్రికి ఎన్ని గోలీలు? మొత్తం ఎన్ని మిల్లీగ్రాములు?

చేసి చూడండి

మీ ఇంట్లో ఉన్న గోలీలు, క్రీములు అన్నీ ఒక చోట పెట్టండి. ఒక్కొక్కటి తీసి అంకెలు చదవండి. మందు పేరు, బరువు, గడువు మీ నోటు పుస్తకంలో రాయండి. పేరు చదవలేకపోతే ఆశా కార్యకర్తను గానీ, బడికి పోయే పిల్లలను గానీ అడగండి. గడువు తీరినవి, పేరు తెలియనివి వేరుగా పెట్టండి. వచ్చే సంఘం సమావేశానికి మీ పుస్తకం తీసుకురండి. ఎవరింట్లో ఏం దొరికాయో ఒకరికొకరు చదివి వినిపించండి.